ఇరవై ఏడో నంబరు హాజరు

సారు ఫోటో ఒక్కటన్న దొరకలేదంట. పేరు సుత లేదంట.

మొన్న మంగళారం మా పాత ఆఫీసు మేడం లాల్‌దర్వాజల మా ఇంటికొచ్చింది. మా గల్లీ సన్నది, ఆటో లోపటికి రాదు. గుడి కాడ దిగి, తొవ్వ అడుక్కుంట నడిచొచ్చింది. మంచం మీద కూసోని, ఇచ్చిన నీళ్లు ఇచ్చినట్టే పక్కకు పెట్టి చెప్పింది.

"అమ్మా, మన సారు పోయిండు. పదొద్దులైందంట, మనకు ఇప్పుడు తెలిసింది. యూనివర్శిటీ వెబ్‌సైటుల ఆయన మీద ఒక పేజీ పెడదామనుకున్నం. మొత్తం వెతికినం. ఆ వెబ్‌సైటును ఒక దారికి తెచ్చిన మనిషి, ఆయన పేరే అందుల ఏడ లేదు. నీకంటె బాగ ఎరికైనోళ్లు ఎవరున్నరు? ఎట్లుంటుండె, జెర చెప్పు. నేను రాసుకుంట."

పేరు వద్దన్నది సారే. రాసినోని పేరు పేజీ మీద కనపడొద్దు, జవాబు చెప్పేటోని పేరే కనపడాలె అని ఆయన రాసిన రూల్స్ ఫైలుల ఉండె. మనిషి పోయిండని ఆ మాట నేనెందుకు తీసెయ్యాలె? పేరు చెప్ప. ఎట్లుంటుండెనో చెప్త.

సన్నటి మనిషి. ఆయనది గోదావరి దిక్కు, మాట మెత్తగ ఉంటుండె. అంగీ జేబుల పెన్ను లేకుండె గని ప్లాస్టిక్ స్కేలు ఉంటుండె. పిల్లలు బడికి తీసుకపోయే పొట్టి స్కేలు, ఒక మూల ఇరిగింది. దాన్ని కంప్యూటర్ అద్దానికి ఆనించి అక్షరాలు కొలుస్తుండె. దర్జీ అంగీ మెడ కొలిచినట్టు. ఏదన్న ఖాయం చేసేముందు ఆ స్కేలుతోని బల్ల మీద రెండుసార్లు కొడుతుండె. టక్కు, టక్కు. ఆ చప్పుడైందంటె ఇగ ఆ మాట తిరుగదు. ఛాయ్ తెచ్చిస్తె మీద మీగడ కట్టిందాక ముట్టకపోతుండె. కంప్యూటర్ల అర్రకు చెప్పులిడిసి రావాలె గద, అందుకని ఆయన వచ్చింది ఎవరికీ తెల్వకపోతుండె. ఎనుక ఎవరో నిలబడ్డట్టు మెడ మీద తెలుస్తుండె, తిరిగితె సారు.

ఆయన ఎడమ చెవు వినపడదు. ఈ ముచ్చట యాదికుంచుకో మేడం, మళ్ల అవుసరం పడతది.

మా ఆఫీసు అప్పుడు శాలిబండ అవతల ఒక పాత దేవిడీల ఉండె. ఎన్నడో ఎవరో నవాబుదంట, యూనివర్శిటీ కిరాయికి తీసుకున్నది. గోడలు నా రెండు చేతులు చాపినంత మందం. నడుమ వాకిలి, దాని నిండ పావురాలు. ముందటి అర్రల కంప్యూటర్లు. వాకిలి దాటినంక, ఆ చివరకు, పాత కాయిదాల అర్ర. చదువుకోని పోయినోళ్ల మార్కులు, సర్టిఫికెట్ల నకళ్లు అన్ని అండ్ల ఉండె.

మా ఆయన ఆ అర్రకు అటెండరు. ఇనుప కడెం నిండ తాళాలు, ఏ తాళం దేనిదో ఆయనకే ఎరుక. ఎవరన్న పిలిస్తె ముందు తాళాలు గల్లుమంటుండె, ఎనుక "ఉన్న" అంటుండె. ఇంట్ల నేను పిలిచినా అంతే. ఒక దినం పొద్దుగాల ఆ అర్ర గడప కాడనే కూలవడ్డడు. తాళాలు చేతుల పట్టుకునే ఉండె. గుత్తిని పెద్దాఫీసోళ్లు తీసుకపోయిండ్రు, ఏది దేనిదో తేలక ఆ అర్ర మళ్ల తెరువలె. లోపట ఫోను మాత్రం అట్లనే ఉండిపోయింది. ఏడాది తిరిగినంక ఆయన నౌకరి నాకిచ్చిండ్రు. నేను మూడో తరగతి, తెలుగు కూడబలుక్కోని చదువుత, అంకెలు మంచిగొస్తయ్.

సారు వచ్చింది ఇంకో రెండేండ్లకు. అప్పటికి వెబ్‌సైటు అంటె జాతరల దుకాణం లెక్కుండె. ఎవరికి తోచింది వాళ్లు పెట్టిండ్రు. అక్షరాలు మిణుకుమంటుండె, పిట్టలు ఎగురుతుండె. ఏది ఎట్లుండాలెనో ఖాయం చేసి ఒక ఫైలు రాయమని సారును పంపిండ్రు.

ఒకనాడు నేను ఊడుస్తుంటె ఎనుక నుంచి ఆయన మాట. "అమ్మా, ఒకసారి ఇలా వచ్చి కూర్చుంటారా?"

నా చేతుల చీపురు కింద పడ్డది. "సార్, నేను అటెండరును."

"తెలుసమ్మా. చదువుకున్నవాళ్లు ఎలాగోలా వెతుక్కుంటారు. మీకు దొరికితే అందరికీ దొరికినట్టే. ఒకతని సర్టిఫికెట్ పోయిందనుకోండి. ఎవరిని అడగాలో ఇందులో వేలు పెట్టి చూపించండి."

అద్దం మీద అక్షరాలు ఈ చివర నుంచి ఆ చివరకు ఉరుకుతున్నయ్. నేను ఒక అక్షరం కూడబలుక్కునేలోపల ఇంకోటి పారిపోతున్నది. "సార్, ఇవి నిలబడుతలెవ్వు" అన్న. సారు నవ్వలె. స్కేలుతోని టక్కు టక్కుమని కొట్టి, ఫైలుల రాసుకున్నడు. అక్షరం కదలరాదు. ఇంకో పేజీ చూపెడితె కండ్లు గుంజుతున్నయన్న. నీలం మీద ఎరుపు రాయరాదు. గట్ల ఆ ఫైలు నిండింది. ఆయన రాసిన సగం మాటలు నా తెల్వనితనమే.

నేను పేజీలు ఫెయిల్ చేస్తున్ననని ఆఫీసంత తెలిసింది. ఒక ప్రొఫెసర్ సారు వచ్చి తలుపు కాడ నిలబడ్డడు. "ఏందమ్మా, నా పేజీ ఫెయిల్ చేసినవంట? నేను ఇద్దరికి డాక్టరేట్లు ఇప్పించిన, నువ్వు నన్ను ఫెయిల్ చేస్తవా?"

"సార్, మీ ఫోటో మూడుసార్లున్నది. క్లాసు ఏడనో, ఎన్ని గంటలకో ఒక్కసారన్న లేదు" అన్న.

మన సారు తల వంచుకోని చల్లారిన ఛాయ్ తాగుతున్నడు. భుజాలు కదులుతున్నయ్. ఆయన నవ్వంగ నేను చూసింది గదొక్కసారే.

అబద్ధం అంటె ఆయనకు పడకపోతుండె. ఒక పేజీల తోట, నడుమ ఫౌంటెన్, మస్తు సక్కని ఫోటో ఉండె. "సార్, దాంట్ల నీళ్లు లెవ్వు. కుక్కలు పండుకుంటయ్" అన్న. ఆ ఎండల బస్సెక్కి పోయి, చూసి, తిరిగొచ్చి ఫోటో తీసేసిండు. "లేనిది చూపించకూడదమ్మా. పేజీని నమ్మి మనిషి బయల్దేరి వస్తాడు."

ఇగ హాజరు ముచ్చట. అసొంటిది ఇంకే ఆఫీసుల లేదంట. ప్రతి పేజీ కింద ఒక పేరు, ఒక నంబరు ఉండాలె. ఉత్త పేరు కాదు, మనిషి ఉండాలె. నెల మొదటి దినం, పదకొండు గంటలకు, వరుసగ ఫోన్ చెయ్యాలె. పలికితె పుస్తకంల టిక్కు. మూడు నెలలు పలుకకపోతె ఆ పేజీ తీసెయ్యాలె. "పలికితే ఉన్నట్టేనమ్మా" అంటుండె. చెవు సరిగ లేదు కాబట్టి ఫోన్ చేసేది నేను, టిక్కు పెట్టేది ఆయన.

"హలో, పేజీ హాజరు" అంటుంటి నేను.

"ఉన్నం అక్కా, ఉన్నం. సచ్చిన దినం నేనే ఫోన్ చేసి చెప్త, ఫికర్ చెయ్యకు" అని నవ్వుతుండె అకౌంట్లల్ల ఒకాయన.

ఒక పెద్ద సారు మూడు నెలలు పలుకలె. ఆయన పేజీ పోయింది. తెల్లారి కారేసుకోని వచ్చి ఒకటే లొల్లి. "నేను లేనా? నేను లేనని ఎవడన్నడు?" మన సారు లేచి నిలబడి చేతులు కట్టుకున్నడు. "ఉంటే పలకాలి కదండీ." అంతే. బదిలీ చేస్తమన్నరు, చెయ్యిండ్రి అన్నడు. పేజీ మాత్రం ఆ సారు మళ్ల పలికినంకనే పెట్టిండు.

ఒకనాడు పరీక్షకని ఇంకో పేజీ తెరిచిండు. పాత కాయిదాల అర్ర. కింద, జవాబు చెప్పేటోని తావుల, మా ఆయన పేరు. పక్కకు రేగుపండంత ఫోటో. ఎనుక సున్నం గోడ, తల నున్నగ దువ్వుకున్నడు. ఫోటో తీసిండ్రని నాకు చెప్పనే లేదు ఆయన.

మా ఇంట్ల ఆయన ఫోటో లేదు మేడం. పెండ్లి ఫోటోలు చెదలు తిన్నయ్, నౌకరి కార్డు పెద్దాఫీసోళ్లు తీసుకున్నరు. మూడేండ్లల్ల ఆయన ముక్కు ఎట్లుంటుండెనో నాకు మరుపొస్తున్నది. గా ముక్కు నా ముందట ఉన్నది. తర్వాత ఆపరేటరును బతిమిలాడి కాయిదం మీద తీయించుకుంటె ఉత్త చుక్కలొచ్చినయ్. కంప్యూటరుల ఉన్నంత సేపే ఆయన మనిషి.

"ఈయన ఎవరమ్మా?" అన్నడు సారు.

"అటెండరు సార్" అన్న. అబద్ధం కాదు. సారుకు మా ఆయన ఎవరో తెల్వదు, నేను చెప్పలె.

ఆ నెల హాజరుల ఇరవై ఏడో నంబరు వచ్చింది, పాత కాయిదాల అర్రది. తిప్పిన. చెవుల ఒక మోత. వాకిలి అవతల, తాళమేసిన అర్రల, దాని ఎనుకనే ఇంకో మోత. ఆ మందపు గోడలల్లకెల్లి నీళ్ల కింద మోగినట్టు వస్తున్నది. పావురాలు ఒక్కసారే లేచినయ్. ఎవరన్న ఎత్తుతరేమోనని భయం. ఎత్తరని తెలిసి ఇంకింత భయం. మూడు నెలలైతె ఆయన మళ్ల పోతడు, ఈసారి నా చేతుల మీదనే పోతడు.

"ఎత్తిండు సార్" అన్న. "ఉన్న అన్నడు."

టక్కు, టక్కు. టిక్కు పడ్డది.

గట్ల ఏడాది నడిచింది. నెలకొక అబద్ధం. దొరికితె నౌకరి పోతది, ఎరికె. అయినా ఆడిన. ఆ మోత మాత్రం ఎప్పుడు ఒక్క తీరుగ లేకుండె. ఒక్కోసారి దూరం నుంచి, ఒక్కోసారి నా కుర్సీ ఎనుకనే మోగినట్టు. అది చాన సేపు మోగి తనంతల తానే ఆగుతుండె.

ఒకనాడు కార్వాన్ నుంచి ఒకాయన వచ్చిండు. ముసలాయన, చేతుల ఇంటర్నెట్ దుకాణంల తీయించుకున్న కాయిదం. ఆయన తమ్ముడు పోయిండంట, తమ్ముని పాత మార్కుల నకలు ఉంటెనే ఆ పిల్లల పని అయితదంట. కాయిదం మీదున్న పేరు చదివి నన్నే అడిగిండు. "ఈయన ఏడున్నడమ్మా? రెండు దినాల సంది తిరుగుతున్న. ఆ అర్రకు తాళముంది. తాళం మీద సాలెపురుగు గూడు కట్టింది."

చీపురు పట్టుకోని నిలబడ్డ. నా మొగని పేరు పెట్టి, ఏడున్నడని, నన్ను అడుగుతున్నడు. చెప్పుల చప్పుడు లేకుండ సారు నా ఎనుక వచ్చి నిలబడ్డడు. అంత విన్నడు. ఆ ముసలాయనను కూసోబెట్టి, నీళ్లిచ్చి, నా దిక్కు తిరిగిండు.

"అమ్మా, ఇరవై ఏడు తిప్పండి."

"సార్, ఇయ్యాల హాజరు కాదు గద..."

"తిప్పండమ్మా. ఈసారి నేనడుగుతాను."

తిప్పిన. అటు మోగుడు మొదలైంది. సారు నా చేతులకెల్లి రిసీవరు తీసుకున్నడు. ఒక చేతుల రిసీవరు, ఇంకో చేతుల స్కేలు. కిటికీ దిక్కు చూసుకుంట నిలబడ్డడు. మోగుతున్నది. ఇప్పుడు నా ముఖం మీద అంటడు, ‘ఎవరూ లేరమ్మా’ అని. కండ్లు మూసుకున్న.

మోత ఆగింది.

చాన సేపు మోగి ఆగుడు కాదు. నాలుగో మోత సగంల ఆగింది. వాకిలి అంత ఊపిరి బిగవట్టినట్టైంది, పావురాలు సుత గుర్రుమంటలెవ్వు. కండ్లు తెరిస్తె సారు ముఖంల రక్తం లేదు. ఎంత సేపు విన్నడో. నెమ్మదిగ రిసీవరు పెట్టిండు.

"తాళాలు మోగాయమ్మా" అన్నడు. "ఉన్నారు."

టక్కు, టక్కు. పుస్తకం తీసి టిక్కు పెట్టిండు.

తాళాల ముచ్చట ఆ ఆఫీసుల నేను ఎవరికీ చెప్పలె. వాచ్‌మన్ చాచా ఒక్కడే మా ఆయన ఉన్నప్పటోడు. ఉరుకెత్తి పోయి అడిగిన, సారుకు నువ్వు చెప్పినవా అని. "మై క్యోఁ బోలూఁ బేటీ, నేనెందుకు చెప్త? ఆ సారు నాతోని సలాం తప్ప మాట్లాడడు" అన్నడు.

సాయంత్రం ఇంటికి పోతుంటె, గుడి మెట్ల కాడ, యాదికొచ్చింది. సారు ఆ రిసీవరును ఎడమ చెవుకు పెట్టుకున్నడు. వినపడని చెవుకు.

అక్కడనే మెట్టు మీద కూసున్న.

తెల్లారి సారు ఆ పేజీల ఒక వరుస కలిపిండు. మా ఆయన పేరు, ఫోటో అట్లనే ఉన్నయ్. దాని కింద ‘వారు రాలేని పక్షంలో’ అని నా పేరు, మా బల్ల మీది ఫోను నంబరు. నన్నొక్క మాట అడుగలె, తిట్టలె. ఆ పేరుగల మనిషి నాకేమైతడో ఎప్పుడు తెలుసుకున్నడో ఇప్పటికీ తెల్వదు. వారం లోపల పెద్దాఫీసు మీద పడి తాళం పలగొట్టించిండు. అర్రలకు ముందు ఆయనొక్కడే పోయిండు, మమ్ముల గడప అవతలనే ఆపి. బయటకొచ్చి నన్ను రమ్మన్నడు. లోపట అంత వేలు మందం దుమ్ము, బీరువాల మీద, కుర్సీ మీద, మా ఆయన గిలాస మీద. ఫోను ఒక్కటే నల్లగ నిగనిగలాడుతున్నది. ఎవరో రోజూ పట్టుకున్నట్టు.

సారు చేతిరుమాల మడిచి జేబుల పెట్టుకుంటున్నడు. రుమాల నల్లగున్నది.

అడుగలె నేను. కార్వాన్ ముసలాయన కాయిదం రెండు దినాలు వెతికి దొరికిచ్చుకున్న. ఆయన నా చేతులు పట్టుకోని కండ్లకద్దుకున్నడు.

ఆ తర్వాత అన్ని నంబర్లు నేనే తిప్పుతుంటి, ఇరవై ఏడు తప్ప. అది సారే తిప్పుకుంటుండె. ఎడమ చెవుకే పెట్టుకుంటుండె. వింటుండె. టిక్కు పెడుతుండె. ఎనిమిదేండ్లు. నాకు అబద్ధమాడే పని తప్పింది.

సారు రిటైరైన దినం గుమ్మం కాడ చెప్పులు తొడుక్కుంటుంటె ధైర్యం చేసిన. "సార్, ఆ దినం ఫోన్‌ల..."

"పలికితే ఉన్నట్టేనమ్మా" అన్నడు. స్కేలు జేబుల సర్దుకోని పోయిండు.

నేను మస్తు ఆలోచన చేసిన మేడం, ఏండ్లు ఏండ్లు. సచ్చినోడు ఫోన్ ఎత్తిండంటె నమ్మబుద్ధైతది. ఎండిన ఫౌంటెన్ ఫోటో పెట్టనియ్యని మనిషి పుస్తకంల అబద్ధపు టిక్కు పెట్టిండంటె నమ్మబుద్ధి కాదు. అబద్ధం ఆడలేదంటె మా ఆయన ఉన్నట్టు. ఆడిండంటె నా కోసం ఆడినట్టు. ఏదైనా సరే, ఆ అర్ర దిక్కు చూస్తె ఒళ్లు జలదరిస్తది. ఏదైనా సరే, ఆయనకు చేతులెత్తి మొక్కబుద్ధైతది.

మేడం మొన్న గింతదాక రాసుకోని పోయింది. ఇయ్యాల మళ్ల వచ్చింది. రాసింది చదివి వినిపిచ్చింది. చివరకు అడిగింది.

"అమ్మా, సారు పెట్టిన రూలే గద, పేజీ కింద జవాబు చెప్పేటోళ్ల పేరు ఉండాలె. ఎవరిది పెట్టాలె?"

"నాది పెట్టు. నా చిన్న ఫోను నంబరు పెట్టు."

"నీకు ఎవరు చేస్తరమ్మా నెల నెల? హాజరు బందయి ఎన్నేండ్లైంది!"

"ఎవరో ఒకరు చేస్తరు తియ్."

నవ్వింది మేడం. నంబరు రాసుకుంటుండంగనె గూట్ల పెట్టిన ఫోను మోగింది. పొద్దున పదకొండైంది. ఇయ్యాల ఒకటో తారీకని అప్పుడు యాదికొచ్చింది ఇద్దరికి. గల్లీల కూరగాయల బండాయన అరుపు ఆగింది. ఫోను తీసి చెవుకు పెట్టుకున్న. విన్న. చాన సేపు విన్న.

"ఎవరమ్మా?" మేడం నా దిక్కు జరిగింది. "మాట్లాడుతలేరా?"

"ఉన్న సార్" అన్న ఫోన్‌ల. పెట్టేసిన.

"ఎవరు?"

"బల్ల మీద స్కేలు చప్పుడు. రెండుసార్లు."

మేడం పెన్ను ఆగింది. నా ముఖం దిక్కు చూసింది, నా చేతులున్న ఫోను దిక్కు చూసింది. "నిజంగ వినొచ్చిందా అమ్మా?"

"టిక్కు పెట్టు మేడం."